ఒక పర్దా, నాలుగు గదులు

ముస్లింల చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలకు కోటలు గుర్తొస్తాయి. చిత్తూరు, తిరుపతి సీమ విషయంలో మరీను. 1646లో చంద్రగిరి గోల్కొండ సుల్తానుల చేతికొచ్చింది. 1740 మే నెలలో దామలచెరువు కనుమ దగ్గర మరాఠా సైన్యంతో పోరాడుతూ ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ చనిపోయాడు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో హైదర్ అలీ రాచపుండుతో కన్నుమూశాడు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ పరమైంది. అక్కడితో చరిత్ర అయిపోయింది, మేమూ అయిపోయాం. ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో ఈ సీమ ముస్లింలు ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ వండుకున్నారు, ఇంటికొచ్చిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టారు, చనిపోయినవాళ్లను ఏ మూల కడిగారు అన్నది ఎవరికీ పట్టలేదు.

నవాబులు మా తాతలు కారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పాల్సి వస్తోంది. మా వాళ్లు ఫౌజు వెనకాల నడిచినవాళ్లు. డేరాలు కుట్టినవాళ్లు, గుర్రాలకు నాడాలు కొట్టినవాళ్లు, తోలుతిత్తులతో నీళ్లు మోసినవాళ్లు, దూది ఏకినవాళ్లు. కోట ఎవరి చేతికి పోయినా కోట కింది పేటలో వాళ్లు ఉండిపోయారు. ఈ రోజు గుర్రంకొండకు వెళితే కొండ కింద రంగిన్ మహల్ చూపిస్తారు. టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ మక్బరా చూపిస్తారు. చంద్రగిరికి వెళితే మూడంతస్తుల రాజమహల్ చూపించి, కొయ్య వాడకుండా ఇటుకా సున్నమూ రాయితో కట్టారని, అందులో హిందూ ముస్లిం శైలులు కలిసిపోయాయని చెబుతారు. శైలులు కలిశాయి సరే. ఆ సున్నం గానుగ తిప్పినవాళ్లు రాత్రికి ఎక్కడికి పోయారు? మట్టిగోడ, బోదకప్పు. వానకు కరిగినప్పుడల్లా మళ్లీ కట్టుకున్నారు. చూపించడానికి ఏం మిగలలేదు.

నేను రాయదలుచుకున్నది ఆ ఇళ్ల గురించి. అక్కడినుంచి తిరుపతిలో మూడో అంతస్తు ఫ్లాటు దాకా మేం నడిచిన దారి గురించి.

మా దాదీ ఇల్లు చిత్తూరులో. మిద్దె ఇల్లు. వీధిలోంచి రెండు మెట్లెక్కితే తిన్నె. తలుపు తీసే ఉండేది, దానికి గోనెపట్టా పర్దా. పర్దా తీసి లోపలికొస్తే పొడుగాటి దాలాన్. దాని వెనక సెహన్, అందులో ఒక బావి, ఒక దానిమ్మ చెట్టు. ఆ పక్క వంటకొట్టం. అంతే. పడకగది లేదు, భోజనాలగది లేదు, పిల్లల గది లేదు. పదకొండుమందిమి ఉండేవాళ్లం.

గదులు ఎట్లా పుట్టేవో చెబుతాను. దాలాన్‌లో రెండు స్తంభాల మధ్య ఒక తాడు. తాడు మీద పాత దుప్పట్లు కలిపి కుట్టిన పర్దా. తెల్లారి ఫజర్ అయ్యాక పర్దా ఒక మూలకు చుట్టేస్తే వీధి పిల్లలంతా వచ్చి కూర్చునేవాళ్లు, దాదీ వాళ్లకు ఖాయిదా చెప్పేది. అది మదర్సా. పది గంటలకు అదే చోట మా అమ్మ, చిన్నమ్మ కుట్టుమిషను లాక్కుని కూర్చుంటే అది దర్జీ అంగడి. అసర్ తర్వాత దాదా కోసం మనుషులు వస్తే పర్దా సగానికి లాగేవాళ్లు. అటుపక్క దీవాన్‌ఖానా, ఇటుపక్క జనానా. రాత్రికి పర్దా ఇంకో స్తంభానికి మారి, అటు కొత్తగా పెళ్లయిన చిన్నాయన, ఇటు మేమందరం. నికాకు కాజీ వచ్చినప్పుడు, పెళ్లికూతురి ఒప్పుదల అడిగింది ఆ పర్దా ఇవతలి నుంచే. దాదా పోయినప్పుడు సెహన్‌లో నాలుగు కర్రలు పాతి ఆ పర్దాయే చుట్టూ కట్టి గుసుల్ చేయించారు. ఒక గుడ్డ, నాలుగు గదులు.

తర్వాత తర్వాత నాకు తోచింది, మా ఇంట్లో చోటుకి పేరు పెట్టేది గోడ కాదు, గుడ్డ. దస్తర్‌ఖాన్ పరిస్తే అది భోజనశాల. దులిపి మడిచేస్తే మళ్లీ ఉత్త నేల. జానమాజ్ పరిస్తే అది మసీదు. పర్దా లాగితే ఆడవాళ్ల ఇల్లు, తీస్తే ఊరి ఇల్లు. డేరాలు కుట్టినవాళ్ల వారసులకు ఈ విద్య ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

పెరటిగోడలో ఒక చిన్న తలుపు ఉండేది. ఖిడ్కీ అనేవాళ్లం. అది పక్కింటి సెహన్‌లోకి తెరుచుకునేది. ఆ ఇంటి గోడలో ఇంకో ఖిడ్కీ. అట్లా మా అమ్మ వీధిలో కాలు పెట్టకుండానే నాలుగిళ్లు దాటి పుట్టింటివైపు చుట్టాల ఇంటికి పోయొచ్చేది. నాలుగింటిలో ఒకటి హిందువులది. ఆ ఇంటి పెద్దమ్మ శుక్రవారం తలస్నానం చేసి ముగ్గు వేసుకునే వేళకు మావాళ్లు ఆ తలుపు తట్టేవాళ్లు కాదు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు ఆమె తట్టేది కాదు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదది.

ఇది ముస్లింల ప్రత్యేకత అని చెప్పడం లేదు. కానీ మా దీన్‌లో దీనికొక పాత మూలం ఉంది. 622లో ప్రవక్త మదీనాకు వచ్చాక కట్టిన ఇల్లు, మసీదు రెండూ ఒకే ఆవరణలోవి. ఆ మసీదు గోడను ఆనుకుని ఆయన భార్యల హుజ్రాలు, అంటే చిన్న గదులు, వాటి తలుపుల ముందు పర్దాలు. ఇల్లూ వాకిలీ లేని పేద ముహాజిర్లు అదే మసీదులో ఒక కప్పు కింద ఉండేవాళ్లు. ఆ చోటుని సుఫ్ఫా అన్నారు. సుఫ్ఫా అంటే ఇంచుమించు మన అరుగే. సోఫా అన్న మాట పుట్టింది కూడా అందులోంచే. ఇప్పుడు మన ఇళ్లలో సోఫా ఉంది, దాని మీద కూర్చోవడానికి మనిషి రావాలంటే ముందు ఫోన్ చేయాలి. ఖురాన్‌లో సూరా నూర్ పరాయి ఇంట్లోకి అడుగుపెట్టే ముందు అనుమతి అడగమంటుంది. అదే సూరాలో మరోచోట, రోజులో మూడు వేళల్లో, అంటే ఫజర్‌కి ముందు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, ఇషా తర్వాత, ఇంట్లో పిల్లలూ పనివాళ్లూ కూడా అడిగి రావాలని ఉంది. అంటే ఏకాంతం గదికి లేదు, గంటకి ఉంది. ఒకే చోటు ఒక వేళ నీది, ఒక వేళ అందరిదీ. ఇల్లంటే గోడల లెక్క అనుకునేవాళ్లకు ఈ సంగతి ఎక్కదు.

అయితే పాత ఇల్లు స్వర్గం అని చెప్పేవాళ్లను నేను నమ్మను. మా అక్కయ్య ఈ వ్యాసం సంగతి విని ఒక్క మాటంది. "ఆ పర్దా ఎప్పుడు లాగాలో, ఎటువైపు లాగాలో ఎవరు చెప్పేవాళ్లురా?" దాదా దగ్గుతాడు, పర్దా పడుతుంది. దీవాన్‌ఖానా పెరిగినప్పుడల్లా జనానా వంటకొట్టం దాకా కుంచించుకుపోయేది. పెరగడం ఒకవైపే, తగ్గడం ఒకవైపే. దాదీ మదర్సా తెల్లారి రెండు గంటలే. మా అక్కయ్య ఎనిమిదో తరగతి తర్వాత ఆ గోనెపట్టా దాటలేదు. ఆమెకు ఇప్పుడు తిరుపతిలో రెండు పడకగదుల ఫ్లాటు ఉంది. తలుపుకి లోపలినుంచి గడియ ఉంది. ఆ గడియ చప్పుడు తనకు ఎంత ఇష్టమో ఆమె చెబుతుంటే నేను తలదించుకుని విన్నాను.

తిన్నె సంగతి కూడా అంతే. తెలుగు కథల్లో అరుగు అంటే ఒక పెద్ద మోజు. బాటసారి వచ్చి పడుకున్నాడట, మజ్జిగ ఇచ్చారట. ఎవరికిచ్చారు? ఈ సీమలో అగ్రకులాల ఇళ్ల తిన్నె చాలామందికి ఇంటి మొదలు కాదు, చివర. మాల మాదిగలకు అదీ లేదు, వాకిట్లో నిలబడటమే. మా దాదా రెడ్డిగారింటి తిన్నె మీద కూర్చుని లెక్కలు చెప్పేవాడు, ఇరవై ఏళ్లు చెప్పాడు. ఆ ఇంటి గడప దాటలేదు. నీళ్లిచ్చే చెంబు వేరే ఉండేది. ఆ తిన్నె ఆయనకు ఇచ్చిన గౌరవమా, గీసిన గీతా? రెండూ అంటాను నేను. ఇంటికీ వీధికీ మధ్య ఉన్న చోటుని కవులు పొగుడుతారు గానీ ఆ చోటులో ఎవరు ఎంతసేపు ఉండొచ్చో కులం ముందే రాసిపెట్టింది.

తిరుపతి సత్రాలూ అంతే. యాత్రికుడి ఊరు కాబట్టి బయటివాడికి తల దాచుకునే చోటు కట్టడం ఇక్కడ పెద్ద పుణ్యం. రైల్వేస్టేషను పక్క గోవిందరాజస్వామి సత్రాల్లో, తిరుమల మండపాల్లో, ఎన్నో తరాలు చీర ఒకటి కట్టి, చాప ఒకటి పరిచి, అర్ధరాత్రి గుంపులో ఇల్లు చేసుకుని పడుకున్నాయి. అది చూస్తే మా దాలాన్ గుర్తొచ్చేది నాకు. కానీ ఆ పక్క వీధుల్లో తిరిగి సత్రాల బోర్డులు చదవండి. ఒక్కో కులానికి ఒక్కో సత్రం. రాష్ట్రంలో ఎన్ని కులాలున్నాయో తెలుసుకోవడానికి జనాభా లెక్కలక్కర్లేదు, తిరుపతి చాలు.

వెంకన్నకు బీబీ నాంచారి అని ఒక తురక భార్య ఉందని జనం చెప్పుకుంటారు. శ్రీరంగంలో ఆమెకు తులుక్క నాచ్చియార్ పేరుతో సన్నిధే ఉంది. కడప ముస్లింలు ఉగాదినాడు దేవుని కడప గుడికి వెళతారు. వెంకటేశ్వరస్వామి మా ఇంటి అల్లుడు అంటారు. చరిత్రగా ఇది ఎంత నిజం అన్నది వేరే చర్చ. నాకు ఆసక్తి అనిపించేది ఆ ఏర్పాటు. ఏడాదికి ఒక్కరోజు ఆ గడప మాది. దాదా ఎక్కని గడపలన్నింటికీ అది ఒక జవాబేమో అనుకుంటాను అప్పుడప్పుడు.

పీర్ల చావిడి సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. రాయలసీమ పల్లెల్లో ముస్లిం ఇల్లు ఒక్కటున్నా, ఒక్కటీ లేకపోయినా పీర్ల చావిడి ఉంటుంది. కొన్నిచోట్ల దాన్ని మకానం అంటారు. మకాన్ అంటే ఉర్దూలో ఇల్లనే అర్థం. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి మకానానికి మొహర్రంలో వచ్చే జనంలో ఎక్కువమంది ముస్లిమేతరులే. పది రోజులు పీర్ల ఇల్లు. మిగిలిన ఏడాదంతా అది ఊరి ఇల్లు. పంచాయితీ అక్కడే, బడికి గది లేనప్పుడు బడీ అక్కడే, వానొస్తే మేకలూ అక్కడే. అటు దీన్ని తురకల గుడి అనేవాళ్లు, ఇటు ఇది బిదత్ అనే మా మౌల్వీలు, ఇద్దరూ కలిసి గత ముప్పై నలభై ఏళ్లలో చావిళ్లను ఖాళీ చేయిస్తున్నారు. ఒకరిమీదే నేరం మోపను.

ఇక తిరుపతి ఎట్లా ఎదిగిందో చూడండి. 1944లో కొండకు మొదటి ఘాట్ రోడ్డు పడింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు. 1983లో మహిళా విశ్వవిద్యాలయం. యాత్రికులకు తోడు ఉద్యోగులు, విద్యార్థులు, ఆస్పత్రులకొచ్చే జనం. కొండమీద మాడవీధుల పక్క ఉన్న పాత ఇళ్లు మాస్టర్ ప్లాన్ కింద పోయాయి. కింద పొలాలు లేఅవుట్లయ్యాయి. కొర్లగుంట, బైరాగిపట్టెడ, ఎం.ఆర్.పల్లె, కె.టి.రోడ్డు, ఎయిర్ బైపాసు, ఒకదాని తర్వాత ఒకటి అపార్ట్‌మెంట్లు లేచాయి. 2007లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2022లో తిరుపతి వేరే జిల్లా కూడా అయింది. ఈ ఊరి బస్సులకు టైర్లు మార్చినవాళ్లు, చక్రాలు బిగించినవాళ్లు, వెల్డింగు చేసినవాళ్లు, గాజులు తొడిగినవాళ్లు, సూట్‌కేసుల జిప్పులు కుట్టినవాళ్లలో మావాళ్లు ఎంతమంది! వాళ్ల ఇళ్లు మాత్రం పాత పేటల్లోనే. అక్కడినుంచి కదిలి ఫ్లాటుకి రావాలనుకున్నవాడికే అసలు కథ మొదలవుతుంది.

"రాండి సార్, సూడండి. తూర్పు వాకిలి. మంజీరా నీళ్లు కాదుగానీ బోరు బాగుంది." నవ్వుతూ చూపించాడొక ఇంటాయన. వంటిల్లు చూశాం, బాల్కనీ చూశాం. అడ్వాన్సు మాట్లాడుకున్నాం. రసీదు రాయడానికి పేరడిగాడు. చెప్పాను. పెన్ను ఆగింది. "అట్లనా... ఇంట్లో పెద్దాయన్ని ఒక మాట అడగాల సార్." పెద్దాయనలు ఎంతమంది ఉన్నారో ఈ ఊళ్లో! మాకు ఇల్లివ్వనివాడు ఒక్కడూ కనపడలేదు. ఇవ్వని పెద్దాయన ఎప్పుడూ లోపల ఉంటాడు. ఏడిళ్లు తిరిగాక ఎనిమిదోచోట దొరికింది. 2006లో సచార్ కమిటీ, ముస్లిమేతరుల ప్రాంతాల్లో ముస్లింలకు అద్దెకూ కొనుక్కోవడానికీ ఇళ్లు దొరకడం కష్టంగా ఉందని నమోదు చేసింది. అంతకు ఏడాది ముందే, 2005లో, గుజరాత్‌లోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సొసైటీ తన సభ్యత్వాన్ని తన మతంవారికే పరిమితం చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. అడిగినవాళ్లు మాలాంటి మైనారిటీయే. ఆ తలుపు ఎవరికి పనికొస్తుందో ఆలోచించలేదేమో.

ఫ్లాటు ప్లాను కాగితం మొదటిసారి చూసినప్పుడు నాకు గమ్మత్తనిపించింది. ప్రతి గదికీ పేరు రాసి ఉంది. మాస్టర్ బెడ్రూము, చిల్డ్రన్ బెడ్రూము, డైనింగు, పూజ. ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ తినాలో, ఎవరికి మొక్కాలో బిల్డరు ముందే తేల్చేశాడు. మేం నివసించే ఫ్లాటులో మూడడుగుల పూజగదికి టేకు తలుపులు, తలుపులకు వరసగా ఇత్తడి గంటలు. ఖురాన్, జానమాజులు అందులోనే పెట్టుకున్నాం. గంటలు తీయించలేదు. మా మనవరాలికి అవి ఆటవస్తువు. వాస్తు ప్రకారం కమోడు ఉత్తర దక్షిణాలుగా పెట్టారు. పడమటికి, అంటే ఖిబ్లా వైపు, ముఖంగానీ వీపుగానీ ఉండకూడదు మాకు. మొత్తమ్మీద ఆ ఒక్క గదిలో సిద్ధాంతిగారూ మా ఇమాంసాబూ ఏకాభిప్రాయానికొచ్చారు.

మా అక్కయ్య కొడుకు ఆర్కిటెక్చర్ చదివాడు. వాడు ఒకసారి సెలవులకొచ్చి జపాన్ ఫుకువోకాలోని ఒక అపార్ట్‌మెంటు బొమ్మలు చూపించాడు. 1991లో పూర్తయిందట. కట్టింది స్టీవెన్ హాల్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు. 28 ఫ్లాట్లు, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. లోపలి గోడలు చాలావరకు గోడలు కావు, తలుపుల్లా తిరిగే పలకలు. జపాన్ వాళ్ల పాత ఇళ్లలో ఫుసుమా అనే జారుడు తలుపులుంటాయి. వాటిని చూసి చేశాడట. పగలు పలకలు తెరిస్తే పడకగది హాలులో కలిసిపోతుంది. రాత్రి మూస్తే మళ్లీ గది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతే ఒక గది తగ్గించుకోవచ్చు, ముసలి తల్లిదండ్రులు వచ్చి చేరితే పెంచుకోవచ్చు. బ్లాకుల మధ్య దక్షిణంవైపు నీళ్లు నింపిన ఖాళీ ఆవరణలు, ఉత్తరంవైపు పిల్లలాడుకునే ఖాళీలు. ఫ్లాటులోకి పోవాలంటే వాటి పక్కనుంచే పోవాలి. వాడు ఉత్సాహంగా చెబుతుంటే మా అక్కయ్య పకపకా నవ్వింది. "అరే, మన దాదీ పర్దాకు కీళ్లు బిగించినట్టుందే! దానికి జపాన్ దాకా ఎందుకు పోయినాడు?"

నవ్వులాటకు అన్నా అది మామూలు మాట కాదు. హాలెండులో హబ్రాకెన్ అనే ఆయన, పుట్టింది ఇండోనేషియా బాండుంగ్‌లో, 1961లోనే ఒక పుస్తకం రాసి వాదించాడు. స్తంభాలు, స్లాబులు, మెట్లు, నీటిగొట్టాలు అందరివి. వాటిని సమాజం కట్టాలి. లోపల గోడ ఎక్కడ ఉండాలో అందులో ఉండేవాడు తేల్చుకోవాలి. ఈ రెండూ ఒకే చేతిలో ఉంటే మనిషి ఇంట్లో ఉండడు, ఇల్లే మనిషిని ఉంచుకుంటుంది అన్నది ఆయన వాదనగా నాకు అర్థమైంది. మనదేశంలోనే బాలకృష్ణ దోషీ 1980లలో ఇండోర్‌లో అరణ్య అనే కాలనీ వేశాడు. సుమారు 80,000 మంది పేద, మధ్యతరగతి జనం కోసం. చాలామందికి ఇచ్చింది పునాది, మరుగుదొడ్డి, నీళ్ల కనెక్షను, ఒక చిన్న గది. మిగతాది ఎవరి చేతిలో డబ్బులున్నప్పుడు వాళ్లు కట్టుకోవాలి. ప్రతి ఇంటి ముందూ ఒట్లా, అంటే మన తిన్నె. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. ఇన్ని మతాలవాళ్లు పక్కపక్కన ఇళ్లు వేసుకోవడానికి ఆ ఒట్లాలూ చిన్న చౌకులూ ఎంత ఉపయోగపడ్డాయో మా భాంజా చెప్పాడు. నేను చూడలేదు గానీ, చోటు ఒక్కటే మనుషుల్ని కలిపేస్తుందంటే నమ్మను. చిత్తూరులో ఖిడ్కీ తలుపు ఉండటం వల్ల పెద్దమ్మ మంచిదవలేదు. పెద్దమ్మ వల్ల ఆ తలుపు మూతపడలేదు.

మన చట్టంలో కూడా ఒక విచిత్రమైన మాట ఉంది. 1987లో ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఫ్లాటు నాది. మెట్లు, వరండాలు, మిద్దె, సెల్లారు, ఖాళీ స్థలం ఉమ్మడివి. కింది భూమిలో నాకున్నది అవిభక్త వాటా. నా వాటా ఇదిగో ఈ మూల అని చూపించే వీల్లేదు, ఫ్లాటునుంచి దాన్ని విడదీసి అమ్మే వీల్లేదు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ మాట మొదటిసారి చదివినప్పుడు కాసేపు అట్లాగే కూర్చున్నాను. ఈ దేశం మాకు ఇన్నాళ్లూ చెప్పని మాట స్టాంపు కాగితం చెప్పింది. కానీ ఉమ్మడి చోటులో ఏం చేసుకోవచ్చో కాగితం చెప్పదు. అది అసోసియేషన్ చెబుతుంది.

మా సెల్లారులో వినాయకచవితికి పందిరి వేస్తారు, చందా మేమూ ఇస్తాం. గృహప్రవేశాల భోజనాలు అక్కడే. సత్యనారాయణ వ్రతాలు, సీమంతాలు, ఒకసారి ఒక డ్రాయింగు పోటీ. అంటే ఆ సెల్లారు మా దాదీ దాలానే. కార్లు తీస్తే పెళ్లిపందిరి. ఒక రంజాన్‌లో పిల్లలకు ఇఫ్తార్ పెడదామని అడిగితే, "మతపరమైనవి వద్దనుకుంటున్నాం భాయ్" అన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. వాళ్లు చేసేది వాళ్లకు మతం అనిపించదు, సంస్కృతి అనిపిస్తుంది. మాది మాత్రం మతం.

మా అబ్బా పోయింది ఆ ఫ్లాటులోనే. జనవరి, తెల్లవారి నాలుగు గంటలకు. చిత్తూరులో అయితే సెహన్ ఉంది, బావి ఉంది, కర్రలున్నాయి. ఇక్కడ గుసుల్ ఎక్కడ చేయించాలి? బాత్రూములో మనిషిని పడుకోబెట్టేంత చోటు లేదు. హాలులో చేయిస్తే నీళ్లు పోయే దారి లేదు. లిఫ్టు లోపల మూడున్నర అడుగులు, పడుకున్న మనిషి పట్టడు. దుప్పట్లో ఎత్తుకుని మెట్లమీదుగా, మలుపు మలుపుకీ ఆగుతూ నలుగురం దించాం. మెట్ల మలుపులు ఎంత ఇరుకో అప్పటిదాకా నాకు తెలియదు. సెల్లారులో తఖ్త్ వేశాం. అసోసియేషన్ తరఫున ఒకాయన వచ్చి, "పైన కొత్తగా దిగినోళ్లున్నారు, మంచిది కాదంటారు. ఆస్పత్రిలో కడిగించుకోవచ్చు గదా" అన్నాడు. గొడవ పెట్టుకునే ఓపిక లేదు. అలాగని కదలనూ లేదు.

పర్దా కావాలి. మా ఇంట్లో ఉన్నవి కిటికీ తెరలు, అడుగున్నర వెడల్పువి. అప్పుడు రెండో అంతస్తులో ఉండే ఆవిడ మెట్లు దిగి వచ్చింది. నాలుగు నూలుచీరలు, పాతవి, ఉతికి మడతపెట్టినవి. "భాయ్, ఇవి చాల్తాయా? ఇంకా రెండున్నాయి" అంది. వాళ్లాయన తన కారు తీసి రోడ్డు మీద పెట్టాడు. స్తంభానికీ స్తంభానికీ తాడు కట్టి ఆ చీరలు వేశాం. కార్ల నంబర్లు రాసిన స్తంభాలు అవి. రేగాకులు వేసి కాచిన నీళ్లు ఆవిడ వంటింట్లోంచి కూడా రెండు బిందెలు వచ్చాయి. కర్పూరం గోవిందరాజస్వామి గుడి ముందు అంగళ్లలో కొనుక్కొచ్చాం, అంత పొద్దున్నే తెరిచి ఉండేవి అవే. ముప్పావు గంట అది గుసుల్‌ఖానా. తర్వాత నీళ్లు కొట్టి కడిగేసి తాడు విప్పేశాం. ఎనిమిదింటికి స్కూలు వ్యాను వచ్చేసరికి మళ్లీ సెల్లారే.

నెల తర్వాత అసోసియేషన్ మీటింగులో సెల్లారులో చావు కార్యాలు చేయరాదని తీర్మానం పెట్టారు. ఆ రెండో అంతస్తు ఆవిడ లేచి నిలబడి, "రేపు మా అత్తను ఎక్కడ కడగాల?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. అందరి ఇళ్లలోనూ ముసలివాళ్లున్నారు. అందరి లిఫ్టూ మూడున్నర అడుగులే. తీర్మానం రాసుకోలేదు, కొట్టేయనూ లేదు. వాయిదా వేశారు. ఇప్పటికీ వాయిదాలోనే ఉంది.

ఆ చీరలు ఉతికి తిరిగిచ్చాను. మా భాంజా తిరుపతిలోనే ఒక చిన్న అపార్ట్‌మెంటుకి ప్లాను గీస్తున్నాడు ఇప్పుడు. అయిదంతస్తులు. కింద స్టిల్టులో ఒక మూల నీళ్లకుళాయి, మోరీ, నాలుగు స్తంభాల పైన నాలుగు ఇనుప కొక్కాలు గీశాడు. బిల్డరు అవి దేనికని అడిగితే పందిరికి అని చెప్పాడట. లిఫ్టు ఏడడుగుల లోతుండాలని పట్టుబట్టాడు. రెండు కార్ల చోటు పోతుందని బిల్డరు ఇంకా ఒప్పుకోలేదు.